కొబ్బరికాయకు బెదిరిన భైరవుడు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను విజయనగరంలో ఒక దివ్యాంగ బాలల కేంద్రానికి ఫిజియోథెరపిస్టుగా బదిలీ చేశారు. మంగళవారాల్లో అక్కడికి రాణి అనే శిక్షణ పొందిన లాబ్రడార్ కుక్కను తెచ్చేవారు.

ఆరేళ్ల పైడితల్లికి సెరిబ్రల్ పాల్సీ. పిక్క కండరాలు బిగిసి మడమలు నేలకు ఆనేవి కావు. ఆ కండరాలను రోజూ రెండు పూటలా, కేంద్రంలో నేను, ఇంటి దగ్గర నన్ను చూసి తల్లి, మెల్లగా సాగదీయాలి. మానితే మళ్లీ బిగుస్తాయి. నేను కాలు ముట్టుకుంటే చాలు, పిల్ల ఏడ్చేది. ఏడిస్తే కండరం మరింత బిగిసేది. రాణి పక్కన పడుకుంటే మాత్రం దాని చెవి పట్టుకుని ఊరుకునేది. కుక్క చేసే సాయం అదే. చిన్న సాయం కాదు, మహిమా కాదు. మూడు నెలలకు పైడితల్లి రాణి వీపు పట్టీ పట్టుకుని నాలుగడుగులు వేసింది.

అంతే, జనానికి మతిపోయింది. మరుసటి మంగళవారం పసుపు, కుంకుమ, గారెల దండ దిగాయి. ఆడకుక్కన్న సంగతి కూడా భక్తికి అడ్డు రాలేదు, కాలభైరవుణ్ణి చేసేశారు. రెండు డిగ్రీలున్న మా పర్యవేక్షణాధికారి బూట్లు విప్పి మరీ గచ్చు మీద కొబ్బరికాయ కొట్టాడు. ఆ చప్పుడుకు భైరవుడు బల్ల కింద దూరి వణికాడు. దేవుణ్ణి బయటికి రప్పించడానికి బిస్కెట్టు చూపించవలసి వచ్చింది.

నెల తర్వాత పైడితల్లి చీలమండ వంగే కోణం కొలిచాను. మూడు నెలల్లో సాధించినదంతా పోయింది. తల్లి అప్పలనరసమ్మను నిలదీశాను.

"ఇంటికాడ కాలు లాగడం ఒగ్గీసినాం బాబూ. బైరవుడు సూసుకుంటాడు కదా, గుంటని ఏడిపించడం ఎందుకనీసి!"

బుద్ధుందా అని కేకలేశాను. ఆమె తగ్గలేదు.

"కుక్కని తెచ్చింది మీరు. అదేటి సేస్తాదో ఒక్కనాడైనా సెప్పినారేటి? గోడకి కాయితం అంటించీసినారు. నాకు సదువొస్తాదేటి?"

ఆ కాగితం నేను రాసిందే. ఇంగ్లీషులో.

కేంద్రంలో పూజలు నిషేధించాలని రిజిస్టరులో రాశాను; అధికారి నెల రోజులు నాతో మాట్లాడలేదు. అప్పలనరసమ్మ చేతులను పిల్ల మడమ మీద పెట్టి ఎంత బలంగా నొక్కాలో, ఎంతసేపు ఆగాలో నేర్పాను. పోయిన కోణం తిరిగి రావడానికి ఐదు నెలలు పట్టింది.

డిగ్రీలుండీ కొబ్బరికాయ కొట్టినవాడికి నా దగ్గర క్షమ లేదు. కానీ కుక్క ఏం చేస్తుందో, తల్లి ఏం చేయాలో మొదటి రోజే తెలుగులో చెప్పడం నా ఉద్యోగం. నేను చెప్పలేదు. చెప్పనివాడికి మూఢనమ్మకాన్ని తిట్టే అర్హత సగమే ఉంటుంది.