నంబర్లు గీకేసిన పెట్టె

ఇవాళ పొద్దున బ్యాండ్ మేళం పెద్దాయన మేళంలో వాయించే ఆ పాత ఎలక్ట్రానిక్ పెట్టెను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మూత తీయగానే ఒళ్లు మండింది. లోపలున్న ఐసీ చిప్పుల మీద ఒక్క నంబరు లేదు, అన్నిటినీ ఉప్పు కాగితంతో గీకేశారు. గీకిందెవరో నాకు తెలుసు. నరసరావుపేటలో మా పక్కింటి రేడియో మెకానిక్కు, పిలుపుకు బాబాయి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే నాకు టంకం పెట్టడం నేర్పిన మనిషి.

ఆ పెట్టెకు రెండు గొంతులు. నున్నటి కరెంటు అల పిల్లనగ్రోవిలా పలుకుతుంది, రంపపు పళ్లలాంటి అల సన్నాయిలా. కష్టమంతా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడంలోనే వచ్చింది. మీట తిప్పినప్పుడల్లా మైకుల్లోంచి టప్పుమని మోత. ఒక ఊరేగింపులో గుర్రం బెదిరి పెళ్లికొడుకు కిందపడబోయాడు కూడా. ఆ మోత పోగొట్టడానికి బాబాయీ నేనూ ఎనిమిది నెలలు, రోజూ ఆయన సాయంత్రం నమాజు అయ్యాక కూర్చున్నాం. చివరికి ఆయనకే తట్టింది. మీట ఎప్పుడు తిప్పినా, రెండు అలలూ సున్నాకు వచ్చే క్షణం దాకా సర్క్యూట్ ఆగి అప్పుడు మారాలి. అలాగే చేశాం, చప్పుడు లేకుండా మారింది. ఆ సంతోషంలో నేను టీ తెచ్చేసరికి ఈయన ఉప్పు కాగితం పట్టుకుని కూర్చున్నాడు. పోటీవాళ్లు కాపీ కొట్టకుండా నంబర్లు గీకడం మెకానిక్కుల్లో మామూలే. పోనీ, కాగితం మీదన్నా రాసుకుందామన్నాను. "ఏందిరా నీ గోల! నా బుర్రలో ఉందిగా" అన్నాడు. ఆ పని నాది కూడా కాదా? పన్నెండేళ్లుగా ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా పళ్లు నూరుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు సన్నాయి గొంతు పోయింది. ఒక ఐసీ మాడింది, అదేదో ఇన్నేళ్లకు నాకూ గుర్తు లేదు. దాని నంబరు తెలిస్తే పది నిమిషాల పని. తెలియకపోతే పెట్టె పోయినట్టే, అలాంటిది ఇంకోటి లేదు. ఎల్లుండి మాచర్లలో మేళం వాళ్లకు పెళ్లి ఉంది. పెట్టె చంకన పెట్టుకుని బాబాయి ఇంటికి నడిచాను. రెండేళ్లుగా ఆయనకు మతిమరుపు జబ్బు. అది తెలిసీ కడిగేయాలనే వెళ్లాను, అంత కోపం.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వైర్ల వెంట వేలు నడిపించాడు. "ఎవుడు చేశాడ్రా దీన్ని? చానా తెలివైనోడు" అన్నాడు. వేలు ఐసీ మీద ఆగింది. మొహం ఎర్రబడింది. "నంబర్లు గీకాడు చూడు, ఎదవ! రేపు చెడిపోతే ఎవుడు బాగుచెయ్యాలంట?"

ఆ మాట ఆయన్ను అనాలని పన్నెండేళ్లు ఆగాను. కాలం దాన్ని ఆయన నోటే అనిపించింది కానీ, తిట్లు తినాల్సిన మనిషిని మాత్రం నాకు మిగల్చలేదు.