నీళ్ళాయన ఇంట్లో నాచు

ఛీ ఛీ! ఆ గాజుతొట్టి వైపు చూస్తే తిన్నది కాస్తా బయటికొస్తుంది. అద్దానికి లోపలంతా పచ్చటి బంక. రాళ్ళ మీద తడిసిన జుట్టులా వేలాడే నాచు. ఇసుక మీద ఎర్రటి చీమిడి పొర. మూత తీస్తే చాలు, కుళ్ళు కంపు గుప్పున ముక్కుకి కొడుతుంది. ఇంటికొచ్చిన వాళ్ళ కళ్ళు మొదట పడేది ముందుగదిలోనే కదా, సరిగ్గా అక్కడే సోఫాకి ఎదురుగా పెట్టుకు కూర్చున్నాడు దాన్ని నీళ్ళాయన.

నీళ్ళాయన అంటే ఊరికి మంచినీళ్ళు పంపే కేంద్రంలో నీళ్ళు పరీక్ష చేసే మనిషి. ఏటి నీళ్ళు వడగట్టి, మందులు కలిపాక, "సరే, వదలండి" అనే మాట ఆయన నోట్లోంచే రావాలి. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. వీధిలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ముందు ఆయన ముఖం చూస్తారు. "నీళ్ళలో ఏం లేదు, తిండి చూసుకోండి" అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. క్యాను నీళ్ళు కొనుక్కునే ఇల్లు ఆ వీధిలో ఒక్కటీ లేదు. కొంటే ఆయన్ని ముఖం మీద తిట్టినట్టే!

ఆ మనిషికి ఉన్నదల్లా ఒకే సరదా, ఉప్పునీళ్ళ తొట్టిలో నాలుగు చేపలతో పాటు పెంచుకునే గులాబీ రంగు పగడం. తెచ్చినప్పుడు గోరంత ఉండేది, అరచెయ్యంత చేశాడు. రాయి కాదది, ప్రాణమున్నది. అది మెత్తటి వేళ్ళు విచ్చుకుంటే, పని నుంచి వచ్చిన మనిషి బూట్లు విప్పడం కూడా మరిచిపోయి నిలబడిపోయేవాడు. ఇప్పుడు దాన్నే నాచు కమ్మేస్తోంది. వేళ్ళు ముడుచుకుపోయాయి. ఒక అంచు అప్పుడే తెల్లగా చచ్చిపోయింది.

పాపం, ఆయన చెయ్యని పని లేదు. దీపం తగ్గించాడు, చేపల మేత తగ్గించాడు. నత్తల్ని తెచ్చి వదిలితే అవి నాలుగు మూలలు నాకి, ఇక మా వల్ల కాదు బాబోయ్ అన్నట్టు అద్దమెక్కి కూర్చున్నాయి. చేత్తో పీకితే మర్నాటికి మళ్ళీ మొలిచింది. ఒకరోజు గొట్టం నోట్లో పెట్టుకుని అడుగునీళ్ళు లాగబోతే, ఆ ఎర్రటి చీమిడి కాస్తా గొంతులోకి వచ్చింది. యాక్! ఆ రోజంతా ఉమ్ముతూనే ఉన్నాడు.

"ఏమండీ, మీ నాచు తెచ్చి నా సింకులో పడేశారేంటి?" అని వంటింట్లోంచి భార్య అరిచింది. "చేతికి జిగురు జిగురుగా తగిలింది నాకు! అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి ఈ ఇంట్లో."

చివరికి తొట్టి చేపలు అమ్మే కొట్టతన్ని పిలిపించాడు. అతను తొట్టిలోకి తొంగిచూసి, ముక్కు మూసుకుని, ఒక్కటే అడిగాడు.

"ఏ నీళ్ళు పోస్తున్నారు సార్?"

"మా నీళ్ళే. క్లోరిన్ పోయే మందు వేసే పోస్తున్నాను."

"రోగం అక్కడే ఉంది. క్యాను నీళ్ళు తెచ్చి ఉప్పు కలుపుకోండి. పంపు నీళ్ళలో నాచుకి కావలసిన ఎరువుంటుంది."

"నా నీళ్ళకే వంక పెడతావా?"

"మనుషులకి మంచివే సార్. పగడం మనిషి కాదుగా!"

నీళ్ళాయనకి ఒళ్ళు మండిపోయింది. అతనికి టీ అయినా ఇవ్వకుండా సాగనంపాడు.

మర్నాడు కేంద్రంలో రోజూలాగే ఫాస్ఫేటు కొలుస్తున్నాడు. ఊరి గొట్టాలు లోపల తుప్పు పట్టకుండా నీళ్ళలో కలిపే మందు అది, తాగేవాళ్ళకి హాని చెయ్యదు. కొలుస్తున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాచుకి ఇంతకంటే విందుభోజనం ఏముంటుంది! ఇన్నేళ్ళూ "పరిమితిలోనే ఉంది" అంటూ వచ్చాడు. ఆ పరిమితి మనుషులదని ఒక్కనాడూ తట్టలేదు. కంచే చేను మేసిందంటే ఇదే. పొద్దున ఇక్కడ తన చేత్తోనే నాచుకి ఎరువు వేసి, సాయంత్రం ఇంటికెళ్ళి దాన్నే పీకుతున్నాడు. ఛీ, నా బతుకూ ఒక బతుకేనా, అనుకున్నాడు.

సరే, తెలిసింది. కానీ నీళ్ళాయన క్యాను మోస్తూ వీధిలోకి వస్తే ఇంకేమైనా ఉందా! అలాగని ఊరుకుంటే పగడం దక్కదు. అందుకని ఊరవతల కొట్టుకి వెళ్ళి కొని, దుప్పటి చుట్టి, స్కూటరు మీద తేవడం మొదలుపెట్టాడు. "శవాన్ని తెస్తున్నారా ఏంటి?" అంది భార్య. ఏమైతేనేం, నాచు రంగు వెలిసి ఊడిరావడం మొదలైంది. పగడం భయం భయంగా రెండు వేళ్ళు విచ్చింది. ఆ రెండు వేళ్ళు చూసి ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఒక సాయంత్రం గుమ్మం ముందు దుప్పటి జారింది. పక్కింటి పిన్ని చూసింది. వరసకి ఏమీ కాదు గానీ, వీధి వీధంతటికీ ఆవిడ పిన్నే. ఆవిడ చూసిందంటే అందరూ చూసినట్టే.

మర్నాడే జగ్గు పట్టుకుని వచ్చింది.

"నీ చేపలకి తెచ్చుకున్న నీళ్ళు ఒక జగ్గు పొయ్యి నాయనా."

"పిన్నీ, మన పంపు నీళ్ళు మంచివే."

"మరి నీ చేపలకి పొయ్యవేం?"

గొట్టాలన్నాడు, తుప్పన్నాడు, ఫాస్ఫేటన్నాడు. చెప్పినకొద్దీ ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"అయితే నువ్వే ఏదో కలుపుతున్నావన్నమాట!"

"అయ్యో, అది కాదు పిన్నీ. ఇదిగో చూడు." పంపు తిప్పి గ్లాసు నింపి, ఆవిడ ఎదురుగానే గటగటా తాగేశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన నీళ్ళు గొంతులో అడ్డంపడ్డట్టు అనిపించాయి. ఆ ఎర్రటి చీమిడి గుర్తొచ్చింది. బలవంతాన మింగాడు.

పిన్ని ఖాళీ గ్లాసు వైపు చూసింది. అద్దానికి ఇంకా మిగిలి ఉన్న పచ్చటి బంక వైపు చూసింది.

"నువ్వు పెద్దవాడివి, నీకేం కాదు నాయనా. మా ఇంట్లో పసిపిల్ల ఉంది," అని జగ్గు ముందుకి చాపింది.

ఆయన క్యాను ఎత్తి జగ్గు నింపాడు. తల తిప్పి చూస్తే, గుమ్మం బయట ఇంకో ఇద్దరు గిన్నెలతో నిలబడి ఉన్నారు.