మండవల్లి టవర్ దగ్గర తప్పు కొలత

కొల్లేటి అంచున మండవల్లి టవర్‌లో నేను తీసిన ఒక కొలత వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఎవరెన్ని చెప్పి ఓదార్చినా జరిగింది ఇదే.

అప్పుడు మా ఫోన్ల కంపెనీ పాత లైన్లు పీకేసి, ఇంటర్నెట్‌లో మాదిరి సమాచారాన్ని ప్యాకెట్లుగా పంపే లైన్లు వేస్తోంది. టవర్లకు ఏలూరు నుంచి టైము కూడా ఆ ప్యాకెట్లలోనే రావాలి. దారిలో రద్దీ ఉంటే ప్యాకెట్లు ఆలస్యమవుతాయి, టవర్ గడియారం తప్పుతుంది. అప్పుడు ఆటోలో వెళ్లేవాడు ఒక టవర్ నుంచి ఇంకో టవర్ పరిధిలోకి రాగానే మాట తెగిపోతుంది. మండవల్లిలో రోజూ ఇదే గోల. చేపల వ్యాపారులు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు.

పై ఆఫీసు ఆ నెపం టవర్ టెక్నీషియన్ మీదికి నెట్టింది. ఏలూరు సాయిబుగారాయన, నాకంటే పదేళ్లు పెద్ద. కేబుళ్లు సరిగ్గా బిగించలేదన్నారు.

"నా పనిలో తేడా లేదండీ. క్లాకే జారుతోంది. మీరు కొలిచి రాయండి, చాలు," అన్నారు తనిఖీకి వెళ్లిన నాతో.

దానికో పద్ధతుంది. ఆకాశం కనిపించేచోట జీపీఎస్ యాంటెన్నా పెట్టి, అది కుదురుకునేదాకా ఆగి, దాని టైముతో టవర్ టైమును పోల్చాలి. ఆ రోజు ముసురు. సాయంత్రంలోగా తాడేపల్లిగూడెంలో ఇంకో టవర్ చూడాలి. నా బుద్ధి గడ్డి తిని, యాంటెన్నా బ్యాగులోంచి తీయనే లేదు. కొలిచే మీటరుకు జీపీఎస్ నుంచి ఇవ్వాల్సిన అసలు టైమును కూడా ఆ టవర్ నుంచే ఇచ్చాను. దాన్ని దానితోనే పోల్చానన్నమాట! తేడా సున్నా, తెర మీద తిన్నని గీత. ప్యాకెట్లలో వచ్చే టైము అంత తిన్నగా ఎప్పుడూ ఉండదని నాకు తెలియదా? తెలుసు. అయినా 'క్లాక్ బాగుంది' అని రాసి, సంతకం పెట్టి బస్సెక్కాను.

వారం తిరక్కుండా ఆయన్ని తీసేశారు. ఫోన్లు తెగడం మాత్రం ఆగలేదు. మళ్లీ వెళ్లి ఈసారి యాంటెన్నా పెట్టి కొలిస్తే గీత మెలికలు తిరిగింది. ఆ కొత్త కొలత కాగితాలతో మేనేజరు దగ్గరికి పరిగెత్తాను.

"ఆ ఫైలు మూసేశామండీ. క్లాకు సరిచేయించండి, పాతవన్నీ తవ్వకండి," అన్నాడు. కాగితాలు బ్యాగులో పెట్టుకుని బయటికొచ్చేశాను. ఛీ, ఏం బతుకు!

ఏలూరులో ఆయన ఇంటికి వెళ్లాను. చేపల లారీలకు ఐసు ఎత్తే పనిలో కుదిరారట, చేతులు పగిలిపోయి ఉన్నాయి. జరిగింది చెప్పాను. తిడతారనుకుంటే కళ్లనీళ్లు తుడుచుకున్నారు.

"అయితే ఆఫీసులో నా పేరు మీదున్న తప్పు కొట్టేశారాండీ?"

"కొట్టేశారండీ," అన్నాను.

ఆయన గబగబా లేచి, లోపలున్న భార్యను పిలిచారు. "ఇదిగో, నా సర్టిఫికెట్లు తియ్యి. రేపే గూడెం వెళ్లి ఇంకో కంపెనీలో అడుగుతాను. వాళ్లు పాత ఆఫీసులో వాకబు చేసినా ఇక భయం లేదు."