చప్పుడు మాన్పించిన మేస్త్రి

మొన్న పూండిలో టీ తాగుతుంటే పక్క బల్ల మీది మనిషి చెప్పాడు, కాశీబుగ్గ మేస్త్రి పోయారని. గ్లాసు దించేశాను. ఉద్దానంలో చాలామందికి ఆయన మోటారుసైకిలు మెకానిక్కు. నాకు బతుకుదెరువు నిలబెట్టిన మనిషి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను సముద్రం ఒడ్డున కవళ్ళు అనే చిన్న చేపలు కొని, బండి వెనక పెట్టెలో వేసుకుని, జీడితోటల మధ్య ఊళ్ళలో అమ్మేవాణ్ణి. నాకు కేక వెయ్యడం సిగ్గు. అందుకని బండికి కంపెనీ సైలెన్సరు తీయించి, పెద్ద చప్పుడు చేసే బయటి సైలెన్సరు బిగించుకున్నాను. అది డబడబలాడితే చాలు, ఆడవాళ్ళు గిన్నెలతో వీధిలోకి వచ్చేవారు. నేను నోరు విప్పకుండానే పెట్టె ఖాళీ అయ్యేది.

ఏడాది తిరక్కుండా బండి లాగడం మానేసింది. నిండు పెట్టెతో ఇసకలో ఆగిపోయేది. మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఏటి బావా, బండి తెచ్చినావా, పిండిమర తెచ్చినావా?" అన్నారు.

ఇంజను ఆపనివ్వలేదు. తడిగోనె మడిచి సైలెన్సరు చివర అదిమిపట్టారు. "గొట్టం బాగుంటే ఊపిరాడక బండి ఆగిపోవాల. సూడు, ఆగిందేటి?"

ఆగలేదు. ఇంజను దగ్గర వంపులో మసి కట్టిన చోట సన్నటి పగులు చూపించారు. చల్లారాక స్క్రూడ్రైవరు పిడితో గొట్టం పొడవునా కొట్టుకుంటూ వెళ్ళారు. ముందంతా ఖంగుమంది. చేపపెట్టె కిందికి వచ్చేసరికి డొల్లగా పలికి, తుప్పుపెళ్ళ ఊడిపడింది. పెట్టెలోని నీళ్ళు కారేది సరిగ్గా అక్కడే.

"ఉప్పునీళ్ళు పోసి పెంచినావు కదా!"

"వెల్డింగు పెట్టండి మేస్త్రీ. ఈ చప్పుడు పోకూడదు" అన్నాను. ఎందుకో చెప్పక తప్పలేదు.

ఆయన నా ముఖం చూసి, "తుప్పు మీద వెల్డింగు నిలబడదు బావా. సిగ్గు నీది. సెవుడు ఊరికేటి?" అన్నారు.

కంపెనీ రకం సైలెన్సరే తెచ్చారు. ఇంజను మూతి దగ్గర కొత్త ప్యాకింగు పెట్టి, ముందు నట్లూ వెనక బోల్టూ చేత్తోనే పట్టించారు. గొట్టం తనంతట తాను కుదిరాకే స్పానరు అందుకున్నారు. "బలంతంగా లాగి బిగిత్తే మళ్ళీ అక్కడే పగులుద్ది. మనిసైనా అంతే" అనేవారు ఎప్పుడూ.

మర్నాడు బండి మెత్తగా, చప్పుడు లేకుండా వెళ్ళింది. ఎవరూ బయటికి రాలేదు. నాలుగు ఊళ్ళు తిరిగినా పెట్టె నిండుగానే ఉంది. ఇలా ఇంకో వారం అయితే వ్యాపారం మానుకోవడమే. నేరుగా మేస్త్రి దగ్గరికి వెళ్ళి పాత గొట్టం ఇమ్మన్నాను.

"ఇనపసామానోడికి ఇచ్చేసినాను. రేపు నానొత్తాను, పద."

మాట ప్రకారం షాపు మూసి వచ్చారు. నాకూ పెట్టెకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. మొదటి ఊళ్ళో బండి ఆపగానే నా వీపు మీద చరిచి, "అరువు" అన్నారు.

"మీరు అరవండి మేస్త్రీ, ఈ ఒక్కసారికి."

"ఇయ్యాల నానరిత్తే రేపెవుడరుత్తాడు?"

"కవళ్ళు" అన్నాను. నాకే వినిపించలేదు.

"అది బండికి సెప్పినావు. ఊరికి సెప్పు."

కళ్ళు మూసుకుని అరిచాను. "కవళ్ళో!"

ఎదురింటి ముసలమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఓలమ్మా, ఈ బాబుకి మాటలొచ్చేటి! ఇన్నాళ్ళూ మూగోడనుకుని జాలిపడి కొన్నాను" అని పక్కిళ్ళవాళ్ళని కూడా పిలిచింది. నేను మళ్ళీ అరిచాను, ఈసారి కళ్ళు తెరిచే.

మేస్త్రి అప్పటికే బండి దిగి, గ్రీజు చేతులతో ఆమె గిన్నెలో కవళ్ళు వేస్తున్నారు. నవ్వు ఆపుకోలేక ఒకటి జారవిడిచారు. దాని కోసం ఆయనా, ఒక కోడిపెట్టా ఒకేసారి వంగారు.