మల్లన్న, పదకొండు ఒకట్లు

నిన్న పొద్దున కాలేజీలో పాఠం చెప్పడానికి క్లాసుకు వెళ్లబోతుంటే ఫోన్ వచ్చింది. మల్లన్న వాళ్ల అక్క.

"మల్లేశం లేడు బిడ్డా... నిద్రల్నే పోయిండు."

ఫోన్ పట్టుకుని కారిడార్‌లో అట్లాగే నిలబడిపోయాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు. అక్కడ మా ఇద్దరికీ తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మల్లన్న నారాయణఖేడ్‌లో, కంగ్టి రోడ్డు మీద, లారీలు తూచే ధర్మకాంటాలో పనిచేసేవాడు. మా ఇల్లు దాని వెనకే. చదివింది టెన్త్. భార్య పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. లారీకీ లారీకీ మధ్య ఆ చిన్న గదిలో ఒక్కడే.

నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో చేరిన ఏడాది ఒక కాగితం చూపించాడు. దాని మీద వరుసగా పదకొండు ఒకట్లు.

11111111111

"చెల్లె, గీ సంఖ్యను ఏదన్న భాగిస్తదా? శేషం లేకుంట?"

"ఫోన్‌ల చూసి నిమిషంల చెప్త అన్నా."

"వద్దు. నేనే చూస్త. నువ్వు చూసినా నాకు చెప్పకు."

నేను చూశాను. చెప్పలేదు.

ఆయన మూడుతో మొదలుపెట్టాడు. తర్వాత ఏడు, పదకొండు, పదమూడు... ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోయాడు. క్యాలిక్యులేటర్ ముట్టలేదు. పెన్ను, లాంగ్ నోట్‌బుక్, అంతే.

ఊరికి వెళ్లినప్పుడల్లా ఎక్కడిదాకా వచ్చావని అడిగేదాన్ని. ఒకసారి "తొమ్మిది వేలు" అన్నాడు. ఇంకోసారి "పదహారు వేలు".

నాలుగేళ్లయ్యాక, "ముప్పై వేలు దాటిన" అన్నాడు.

జవాబు 21649. ఎక్కడో పొరపాటు చేసి దాన్ని దాటేశాడు.

రెండు రోజులు ఆగి చెప్పేశాను. "అన్నా, ఇరవై ఒక్క వేల కాడ మళ్లొక్కసారి చూడు."

పెన్ను మూసి పక్కన పెట్టాడు.

"చెప్పొద్దంటి గదా."

మూడు నెలలు నా ఫోన్ ఎత్తలేదు.

పోయిన నెల తనే చేశాడు. గొంతులో పండగ.

"దొరికింది చెల్లె! తీసివేతల ఏడు రాసే కాడ ఆరు రాసిన. ఐదు లక్షల పదమూడు వేల రెండు వందల ముప్పై తొమ్మిది సార్లు పోతది. శేషం సున్నా!"

21649, 513239 రెండూ ప్రధాన సంఖ్యలేననీ, వాటిని ఇక ఏదీ విడగొట్టలేదనీ చెప్పాను. చాలా సంబరపడ్డాడు. ఆ తర్వాత అడిగాడు.

"ఇగ రేపటి సంది కాంటాల కూసొని ఏం జేయాలె?"

"రెస్ట్ తీసుకో అన్నా. క్లాస్ ఉంది, మళ్ల చేస్త" అన్నాను.

చేయలేదు.

నిన్ననే ఊరికి వెళ్లాను. సాయంత్రం అంత్యక్రియలు అయ్యాక వాళ్లక్క పదహారు నోట్‌బుక్కులు నా ముందు పెట్టింది. "గివేంది బిడ్డా? దేనికన్న పనికొస్తయా?"

ఇన్నేళ్లు తమ్ముడు ఏం చేశాడో ఆమెకు తెలియదు. ఒక పేజీ తీసి, పక్కన కూర్చుని, మొదటి నుంచి చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ విన్నది. "ఒక్కడే ఇంత జేసిండా" అన్నది.

అవును అక్కా. ఒక్కడే.

వెళ్లిరా మల్లన్నా. ఏ పనీ లేకపోయినా నీ మనసు నెమ్మదిగా ఉండే చోటు దొరకాలి.