ఒంటికాలి మీద

నేను ఎదురుకాళ్లతో పుట్టినదాన్ని. తల ముందు రావాల్సినచోట కాళ్లు ముందొచ్చాయట. అట్లా పుట్టినవాళ్ల కాలు తగిలితే నడుము పట్టు వదులుతుందని మా తనకల్లు వైపు నమ్మకం. నడుము పట్టేసినవాళ్లు మా గడప ముందు బోర్లా పడుకుంటారు. నేను నిలబడి కుడికాలితో నడుము మీద మెల్లగా తంతాను. దానికి ఏమీ పుచ్చుకోకూడదు, వచ్చినవాళ్లను కాదనకూడదు. నా చదువు రెండో తరగతితో ఆగిపోయింది గానీ ఈ పని మాత్రం ఆగలేదు.

పోయిన ఎండాకాలం ఎడమ మడమ వెనక నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగి కాలు మోపితే కత్తితో గీసినట్టుండేది. కాస్త నడిస్తే సర్దుకునేది. అందుకని ఎవరికీ చెప్పలేదు. చెప్పులు మడమ దగ్గర అరిగి అట్టలా అయ్యాయి. వార్లు గట్టిగానే ఉన్నాయి కదా, ఎందుకు పారేయాలి? ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకు పరిచి మడమ అదిమాను. నరం పట్టుకుందనుకుని ఆముదం రాసి బొటనవేలితో గట్టిగా నలిపాను. తగ్గకపోగా వేరుశనగకాయంత వాపు లేచింది.

అది కోడలి కంట పడింది. కదిరికి తీసుకుపోయి డాక్టరుకు చూపించింది.

"ఇది నరం కాదవ్వా" అన్నాడాయన. "పిక్కను మడమకు కట్టిన తాడు ఇది. అరిగిపోయి వాచింది. నలపొద్దు. వట్టికాళ్లతో తిరగొద్దు. బరువంతా ఆ కాలి మీదనే ఎయ్యొద్దు."

"ఏస్తే?"

"తెగినా తెగుతాది. టప్‌మని నీకే వినపడతాది."

మాత్రలు, చెప్పులో పెట్టుకునే మెత్త ఇచ్చి పంపాడు. ఆయన చెప్పిన జాగ్రత్తలన్నీ ఒక ఎత్తు, ఆ శబ్దం మాట ఒక ఎత్తు. అప్పటి నుంచి నా చెవులు నా మడమ దగ్గరే ఉన్నాయి. విత్తనానికి వేరుశనగకాయలు ఒలుస్తుంటే ప్రతి కాయా టప్‌మనేది. నేను ఉలిక్కిపడి మడమ తడుముకునేదాన్ని. పొయ్యిలో కందికట్టె చిటపటమన్నా అంతే.

నొప్పికి భయపడే మనిషిని కాను. నా భయం వేరే. మా అత్త చివర్లో మంచాన పడినప్పుడు నేనే చంకల కింద చేతులేసి ఎత్తి దొడ్లోకి తీసుకుపోయేదాన్ని. ఆమె నా ముఖం చూసేది కాదు. గోడకేసి చూసేది. ఆ గోడ నా వంతుకు వస్తుందేమోనని.

ఒకరోజు పక్కింటామె, నాకు వదిన వరస, నడుము పట్టుకుని వంగి వంగి వచ్చింది.

"వదినా, బిందె ఎత్తినా, పట్టుకునేసింది. ఒక తన్ను తన్ను."

"నా కాలు బాగలేదు. పోయి సూది ఏయించుకో."

"బాగలేనిది ఎడమకాలు గదా? తన్నేది కుడికాలితో. నాకు తెలీదనుకున్యావా?"

"కుడికాలు ఎత్తితే నిలబడేది దేని మీద, నీ నెత్తి మీదనా?"

"ఇన్నాళ్లూ నన్ను నోటితో తన్నినావు. ఈపొద్దు ఒక్కసారి కాలితో తన్నమ్మా" అంటూనే ఆమె గడప ముందు బోర్లా పడుకుంది.

"అయితే మంచం మీద కూసోని తంతా. ఇట్లా జరుగు."

"కూసోని తంతే పట్టు వదుల్తాదా యాడన్నా? నిలబడల్ల."

కాదంటే ఆ పట్టు మనకే చుట్టుకుంటుందని మా అమ్మ చెప్పేది. చెప్పుకాలితో తన్నకూడదు కాబట్టి మెత్త ఉన్న చెప్పులు విడిచాను. ద్వారబంధం పట్టుకుని ఎడమకాలి మీద బరువు మోపి కుడికాలు ఎత్తాను. మడమ వెనక మంట పిక్క దాకా పాకింది. ఎక్కడ టప్‌మంటుందోనని ఊపిరి బిగబట్టాను. ఎత్తిన కాలు దించాలంటే భయం, ఉంచాలంటే భయం.

"ఏం వదినా, తన్నేకి ముహూర్తం చూస్తాండావా?" అంది ఆమె కింద నుంచి.

వంటింట్లోంచి వచ్చిన కోడలు నన్ను చూసి పరుగున వచ్చింది. వెనక నుంచి రెండు చంకల కింద చేతులేసి నా బరువు తన మీదికి తీసుకుంది. మా అత్తను నేను పట్టుకున్నట్టే. "వదులు" అనబోయి ఆగాను. వదిలితే పడతానని తెలుసు.

"తన్నత్తా. నేను పట్టుకోనుండా."

తన్నాను. పక్కింటామె లేచి నడుము అటూ ఇటూ తిప్పి, "వదిలినట్టే ఉండాది" అనుకుంటూ పోయింది. నిజంగా వదిలిందో లేదో తెలియదు. నా మడమ తాడు మాత్రం తెగలేదు.

కోడలు నన్ను మంచం మీద కూర్చోబెట్టి, "ఇంగ ఎవరొచ్చినా నేను చెప్పి పంపిస్తా. నువ్వు మాట్లాడొద్దు" అంది. ఈ ఇంట్లో నన్ను మాట్లాడొద్దన్నవాళ్లు అంతవరకూ లేరు.

మరుసటి పొద్దున మెలకువ వచ్చింది. డాక్టరు చెప్పినట్టు మంచం మీదే పాదం పైకీ కిందికీ ఆడించాను. దొడ్లోకి పోవాల్సి వచ్చింది. కోడలు ఇంకా లేవలేదు. పిలవడానికి నోరు రాలేదు, దిగడానికి ధైర్యం రాలేదు. కాళ్లు నేలకు తగలకుండా వేలాడేసుకుని అట్లాగే కూర్చున్నాను.