నాగజ్యోతి పాత డిజైన్లు

ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే నాగజ్యోతి చదివింది ఇంటర్ వరకే. కంప్యూటర్ పని మాత్రం పదిహేనేళ్లుగా తప్పులు చేసి, దిద్దుకుని, సొంతంగా నేర్చుకుంది. ఆమె గీసిన అంచులూ కొంగులూ అన్నీ ఒక పాత ప్రోగ్రాములోనే తెరుచుకుంటాయి.

పాత కంప్యూటర్ మొరాయించడంతో కొత్తది కొని, దాన్ని నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ కూడా కొత్తదే వేసుకుంది. ఆ ప్రోగ్రాము దానిమీద నడవనంది. అందుకని పాత లినక్స్‌నంతా ఒక ఫోల్డరులోకి దించి, అందులోనే ప్రోగ్రామును నడపబోయింది. ఈ పద్ధతిని చ్‌రూట్ అంటారు. లోపల నడిచేదానికి ఆ ఫోల్డరే లోకం, బయటిదేదీ కనిపించదు. ప్రోగ్రాము "డిస్‌ప్లే తెరవలేకపోయాను" అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయింది.

హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేసే మధుకు ఫోన్ చేసింది.

"పాతది ఇడ్సిపెట్టి కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కోక్కా."

"నా డిజైన్లు దాంట్లో తెరుచుకుంటాయా?"

"అది మాత్రం చెప్పలేనక్కా."

మూడో రోజు పొద్దున్నే నేతపని చేసే సంజీవప్ప వచ్చాడు. "ఏమమ్మా, కొంగు డిజైన్ అయిందా? మగ్గం ఊరికే ఉండాది."

"కూచో అన్నా, చూస్తాండా" అంది, గొంతులో ధైర్యం లేకపోయినా.

అంతవరకూ ప్రోగ్రామునే అనుమానించి, రెండుసార్లు తీసి మళ్లీ వేసింది. ఇప్పుడు దారిని అనుమానించింది. బొమ్మను తెరమీద చూపే సర్వర్ అనే ప్రోగ్రాము ఆ ఫోల్డరు బయట ఉంది. డిజైన్ల ప్రోగ్రాము లోపల ఉంది. రెండూ మాట్లాడుకోవాలంటే, తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డరులో సాకెట్ అనే ఫైలు ఉండాలి. బయట చూస్తే ఉంది. లోపలి టెంప్ చూస్తే ఖాళీ.

"ఈడ ఏమీ లేకపోతే యాడ తెరుచుకుంటాది!" అని పైకే అనేసింది.

బయటి టెంప్ ఫోల్డరును లోపల కనిపించేలా మౌంట్ చేసింది. ఈసారి "అనుమతి లేదు" అని వచ్చింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కాదన్నారంటే పిలుపు అందినట్టే కదా! ఆ సర్వర్‌కు చెప్పి అనుమతి ఇప్పించి, ప్రోగ్రామును మళ్లీ పిలిచింది.

ప్రోగ్రాము విండో తెరుచుకుంది. సంజీవప్ప అడిగిన కొంగు, ఒక్క గడి కూడా చెదరకుండా, తెరనిండా పరుచుకుంది. నాగజ్యోతి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు తుడుచుకుంది.

"ఇంక మగ్గానికి ఈ డిజైన్ చిల్లుల అట్టలు కొట్టించుకోవచ్చునా?" అన్నాడు సంజీవప్ప.

"నిమ్మళంగా కొట్టించుకో అన్నా."

అతను వెళ్లాక డిజైన్లన్నీ ఇంకో డిస్కులోకి కాపీ పెట్టింది. అప్పుడు తెలిసింది ఆకలి. వంటింట్లోకి పోయి, ఉగ్గాని చేసుకోవడానికి బొరుగులు నానేసింది.